పైనుంచి తిప్పితే బిగుస్తుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు, ఇంజను అడుగున పాత ఆయిల్ వదలడానికి ఉండే ఆ ఒక్క డ్రెయిన్ బోల్టు చుట్టూ, అందులోంచి వచ్చే ఆయిల్ చుట్టూ తిరిగేవే. వానలు మొదలయ్యే ముందు అందరికీ ఆయిల్ మార్చడం గుర్తొస్తుంది కాబోలు. పెద్ద ఉత్తరానికి పెద్ద జవాబు, చిన్నవాటికి చిన్నవి.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. 2012లో కొన్న స్ప్లెండర్ ఉంది. ఆయిల్ మార్చడం ఎప్పుడూ మెకానిక్ పనే. తీరిక దొరికింది కదా అని ఈసారి నేనే మొదలుపెట్టాను. మధ్య స్టాండు వేసి, బండి పక్కన నిలబడి, వంగి ఇంజను కిందికి చెయ్యి పెట్టి, ఇంట్లో ఉన్న స్క్రూ పానాతో డ్రెయిన్ బోల్టును ఎడమవైపుకే తిప్పాను. కదల్లేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పాను. మూడుసార్లు జారేసరికి బోల్టు తల మూలలు పోయి గుండ్రమైంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ చుట్టి రెండు రోజులు ఉంచినా మార్పు లేదు. పక్క వీధి వెల్డింగ్ కుర్రవాడు గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి తీసేస్తానంటున్నాడు. మా అబ్బాయి బండి అమ్మేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందు ఆ కుర్రవాణ్ణి ఆపండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. “ఎడమవైపుకే తిప్పాను” అన్న మాట కింద గీత గీసి మరీ రాశారు. గొడవంతా ఆ గీత దగ్గరే ఉంది. మీ బండిలో డ్రెయిన్ బోల్టు తల నేలను చూస్తూ ఉంటుంది. మీరేమో నిలబడి, వంగి, దాని వీపు వైపు నుంచి తిప్పారు. ఇంట్లో ఊరగాయ సీసా ఒకటి తీసుకోండి. మూత నేలవైపు వచ్చేలా తలకిందులుగా పట్టుకుని, పైనుంచి చూస్తూ మూతను గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పండి. ఊడదు, ఇంకా బిగుస్తుంది. (ఖాళీ సీసాతో చేయండి. మీ ఇంట్లో నన్ను తిట్టించకండి.) మీ బోల్టుకు జరిగిందీ ఇదే. విప్పుతున్నాననుకుంటూ, గొట్టం తొడిగి మరీ బిగించారు.

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. తల అరిగి నా షెడ్డుకు వచ్చే బోల్టుల్లో చాలావాటి కథ ఇదే. ఇక నుంచి గోనెసంచి పరుచుకుని పడుకుని, బోల్టు తలను కళ్ళతో చూస్తూ తిప్పండి. తలను సూటిగా చూస్తున్నంతసేపూ గడియారం ముల్లుకు ఎదురు దిక్కే విప్పే దిక్కు. పడుకోవడానికి నడుము సహకరించకపోతే చిన్న అద్దం ముక్క నేల మీద పెట్టుకోండి. కాకపోతే అద్దంలో దిక్కు మళ్ళీ తారుమారవుతుంది, కాబట్టి అది తల ఎంత అరిగిందో చూసుకోవడానికే పనికొస్తుంది.

కిరోసిన్ ఎందుకు పని చేయలేదో కూడా చెబుతాను. ఆ బోల్టు మర లోపలివైపు నుంచి ఏళ్ళ తరబడి ఇంజను ఆయిల్‌లోనే నానుతోంది. నూనెలో మునిగి ఉన్న మరకు తుప్పు ఎక్కడ పడుతుంది? పట్టు ఉన్నది మరలో కాదు, తల కింద వాషర్ దగ్గర. తల, వాషర్, ఇంజను కేసు మూడూ ఒకదాన్నొకటి నొక్కుకుని కరుచుకున్నాయి. బయటినుంచి మీరు ఎంత కిరోసిన్ పట్టించినా ఆ నొక్కుడులోకి దూరడానికి సందు లేదు. సైలెన్సర్ బోల్టుకో, చైను కవరు స్క్రూకో అయితే కిరోసిన్ మందులా పనిచేస్తుంది. ఇక్కడ దానికి పని లేదు.

ఇక గ్యాస్ మంట. మీ బోల్టు ఉక్కుది, అది బిగిసి ఉన్న కేసు అల్యూమినియంది. ఇనుమును కాలిస్తే ఎర్రబడి మనిషిని హెచ్చరిస్తుంది. అల్యూమినియానికి ఆ మర్యాద లేదు. రంగు మారకుండా మామూలుగా కనిపిస్తూనే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గ్యాస్ మంట వేడి 3,000 డిగ్రీలు దాటి ఉంటుంది. ఎర్రబడే దాకా చూద్దామని ఆ కుర్రవాడు కూర్చుంటే బోల్టు ఎర్రబడేలోపు చుట్టూ ఉన్న కేసు జారి కింద పడుతుంది. పైన పెట్రోలు ట్యాంకు ఉందన్న సంగతి వేరే చెప్పాలా?

వేడి కావాలి గానీ మంట వద్దు. ఇంజనును మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం వేడికి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బోల్టు మర వ్యాసం 12 మిల్లీమీటర్లు. కేసు మరో 60 డిగ్రీలు వేడెక్కితే ఆ రంధ్రం బోల్టు కంటే ఎక్కువగా పెరిగేది మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త లోపే. తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోండి. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. చేతికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టం పక్కనే ఉంటుంది, మోచెయ్యి జాగ్రత్త.

ఇప్పుడు పట్టు సంగతి. ఆ తల 17 మిల్లీమీటర్ల సైజు. దానికి స్క్రూ పానా వాడకూడదు. దాని దవడ ఎంత బిగించినా కాస్త ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ మూల కొరుకుతుంది. మామూలు రింగు పానా లోపల పన్నెండు గంట్లుంటాయి, అది పట్టేది మూలల దగ్గరే. మీ బోల్టుకు ఇక మూలలే లేవు. దుకాణానికి వెళ్ళి ఆరు మూలల 17 నంబరు సాకెట్టు అడగండి. అది మూలల్ని వదిలి, చదునుగా ఉన్న పక్కల మీద ఒత్తుతుంది. తల చుట్టూ మట్టిని ఇనుప బ్రష్షుతో శుభ్రం చేసి, సాకెట్టును పూర్తిగా ఎక్కించి, ఒక చేత్తో కిందినుంచి పైకి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో ఒక్క ఊపులో లాగండి. సగం ఎక్కిన సాకెట్టుతో లాగితే ఉన్న కాస్తా పోతుంది. “టక్” మని తెగినట్టు చప్పుడు వచ్చిందా, కదిలినట్టే. “కర్ర్” మంటే సాకెట్టు జారుతోంది, వెంటనే ఆపండి.

జారితే ఆకురాయి తీసుకోండి. తలకు ఎదురెదురుగా ఉన్న రెండు పక్కల్ని మాత్రమే చదునుగా రాయండి, మిగతా నాలుగింటి జోలికి పోవద్దు. 17 ఉన్నది 16కు వచ్చేదాకా రాసి, 16 నంబరు ఫిక్సు పానాను గట్టిగా పట్టేలా దూర్చండి. అంగుళాల లెక్కలో 5/8 సైజు సాకెట్టు దొరికితే అది 15.875 మిల్లీమీటర్లు. అరిగిన తల మీద దాన్ని తేలిగ్గా తట్టి ఎక్కిస్తే కొరికి పట్టుకుంటుంది. తేలిగ్గా అన్నాను, ఆ మాట మరిచిపోకండి. ఎందుకు అంటున్నానో నా సొంత కథ ఉంది.

1989లో నేను ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రవాణ్ణి. హీరో హోండా సీడీ 100 బండ్లు అప్పటికి వచ్చి నాలుగేళ్ళే, షెడ్డులోకి ఒకటి వస్తే అందరం చుట్టూ చేరేవాళ్ళం. అలాంటిది ఒకటి సరిగ్గా మీ రోగంతోనే వచ్చింది. పెద్దమేస్త్రి భోజనానికి వెళ్ళారు. ఆయన వచ్చేలోపు తీసి చూపిద్దామని, సాకెట్టు పెట్టి కిందినుంచి పైకి రెండు పౌన్ల సుత్తితో కొట్టాను. బోల్టు ఊడింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను. కొత్త వాషర్, కొత్త ఆయిల్, అంతా సవ్యంగానే కనిపించింది. మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి బండి కింద గచ్చు మీద పళ్ళెమంత నల్లటి మడుగు. రంధ్రం అంచు నుంచి కేసు మీద గోటితో గీసినట్టు సన్నటి చీలిక. పెద్దమేస్త్రి ఒక్క మాట అనలేదు. కేసు మార్పించి, నా జీతంలో నెలకు ఇరవై రూపాయల చొప్పున ఎనిమిది నెలలు పట్టుకున్నారు. ఆ పాత బోల్టు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పిడికెడు ఉక్కుకోసం చేటంత కేసు పగలగొట్టానన్న మాట. అందుకే మీకు చెప్పేది: ఈ పనిలో ఎప్పుడు ఏది పోగొట్టుకోవలసి వచ్చినా బోల్టునే పోగొట్టుకోండి. అది ఒక పూట టిఫిను ఖర్చులో వస్తుంది.

ఆకురాయితో కూడా పని కాకపోతే, దవడలు బిగుసుకుని తాళం పడే ప్లయరు దొరుకుతుంది. ఫ్యాక్టరీ పనివాళ్ళు వైస్ గ్రిప్ అంటారు. వెనక ఉన్న మర తిప్పుతూ రెండు చేతులా నొక్కితే గానీ మూతపడనంత బిగువుగా పెట్టుకుని, మీరు ఆకురాయి పట్టించిన ఆ రెండు పక్కల మీద వేయండి. పది బోల్టుల్లో చాలావరకు ఇక్కడికి వచ్చేసరికి లొంగుతాయి. ఉలి పెట్టి తల అంచును కొట్టి తిప్పే పద్ధతి కూడా ఉంది. దెబ్బ అంచు వెంబడి పక్కకు పడాలి, ఒక్కటి గురి తప్పినా పడేది కేసు మీద. మీరు చేయవద్దు.

అన్నీ అయిపోయాక ఆ వెల్డింగ్ కుర్రవాడి దగ్గరికే వెళ్ళండి, గ్యాస్ కోసం కాదు. కరెంటు వెల్డింగుతో అరిగిన తల మీద ఒక కొత్త నట్టును అతికించమనండి. నట్టు రంధ్రం లోపల వెల్డింగు నింపితే అది తలతో ఏకమవుతుంది. ఆ వేడికి బోల్టు ఒక్కసారి ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుని పట్టు వదులుతుంది. నట్టుకు మామూలు పానా వేసి తిప్పితే చేత్తో తిప్పినట్టు వచ్చేస్తుంది. నా లెక్కలో అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే, చివర్లో చెప్పడానికి కారణం దీనికి ముందు చేయవలసినవి ఎక్కువ. పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా, మరో గదిలో పెట్టాలి. బ్యాటరీ రెండు తీగలూ విప్పాలి, లేకపోతే వెల్డింగు కరెంటు స్పార్కును నడిపించే మీ బండి సీడీఐ పెట్టెను తినేస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల ఉండే రంధ్రంలోంచి సన్నటి గొట్టం దింపి, పెద్ద సిరంజితో ఉన్న నూనె ఎంత వస్తే అంత లాగేయాలి. వెల్డింగు ఎర్తు క్లిప్పు ఫ్రేముకు కాకుండా ఇంజను మీదే, బోల్టుకు దగ్గరగా పట్టించాలి. పక్కన ఇసుక బకెట్టు ఉంచాలి.

అన్నట్టు, సిరంజితో నూనె లాగడం వల్ల మరో మేలు ఉంది. మీకు తొందర లేదని తెలుస్తుంది. పాత నూనెలో చాలా భాగం పైనుంచే లాగి, కొత్తది పోసి, నెల రోజులు హాయిగా తిరిగి, మంచి మెకానిక్ దొరికాక బోల్టు సంగతి చూసుకోవచ్చు. అడుగున మడ్డి కాస్త మిగులుతుంది, అంతే. ఈ ఒక్క బోల్టు కోసం బండి అమ్మేయనక్కర్లేదని మీ అబ్బాయితో చెప్పండి.

బోల్టు బయటికి వచ్చాక దాన్ని వెలుతురులో పట్టుకుని మర చూడండి. మర సందుల్లో వెండిరంగు సన్నటి తీగ స్ప్రింగులా చుట్టుకుని వచ్చిందంటే అది మీ కేసు లోపలి మర. గొట్టం వేసి బిగించారు కాబట్టి ఆ అనుమానం నాకు ఉంది. అలా వస్తే కొత్త బోల్టు ఎంత తిప్పినా బిగియదు, తిరుగుతూనే ఉంటుంది. కంగారు వద్దు. లేత్ షాపులో రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, మర కోసే పనిముట్టయిన ట్యాపు కొట్టి, హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు తీగచుట్ట దింపుతారు. లోపల మళ్ళీ అదే 12 మిల్లీమీటర్ల మర వస్తుంది, పాత అల్యూమినియం మర కంటే గట్టిగా కూడా ఉంటుంది. పెద్ద సైజు బోల్టు కొట్టి పంపేవాళ్ళూ ఉన్నారు, అది రెండోసారి పోతే ఇక కేసే దిక్కు. ట్యాపు కొట్టేటప్పుడు దాని గాడుల్లో గ్రీజు నింపమనండి, రజను దానికి అంటుకుని బయటికి వస్తుంది. తర్వాత పావు లీటరు చౌక నూనె పైనుంచి పోసి కిందినుంచి వదిలేయండి, మిగిలిన రజను కొట్టుకుపోతుంది.

బిగింపు సంగతి చెప్పకుండా వదిలితే మళ్ళీ ఉత్తరం రాస్తారు. ఆ బోల్టు ఆపుతున్నది ఎంత? లీటరు కూడా లేని నూనె బరువు. పంపు ఒత్తిడి దాని మీద పడదు. నూనె కారకుండా చూసేది వాషర్, మీ బలం కాదు. అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయింది, ప్రతిసారీ కొత్తది వేయండి. బోల్టును ముందు వేళ్ళతోనే చివరిదాకా తిప్పండి. వేళ్ళకు లొంగకుండా మధ్యలోనే బిగుసుకుంటే మర పక్కకు ఎక్కిందని అర్థం, వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి. ఇలాంటి బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర పన్నెండున్నర కిలోల బరువు వేలాడదీసినంత. 25 కిలోల బియ్యం బస్తాలో సగం. వాషర్ నలగడం చేతికి మెత్తగా తెలుస్తుంది, అక్కడ ఆపాలి. తర్వాత 900 మిల్లీలీటర్ల నూనె పోయండి. కొలిచే పుల్లను మర తిప్పి బిగించకుండా ఊరికే రంధ్రంలో ఆనించి చూడాలి. ఆ ఇనుప గొట్టాన్ని మాత్రం పెరట్లో చిక్కుడు పాదుకు ఇచ్చేయండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా ఆల్టో కారుకు సర్వీసు చేయించిన నాటి నుంచి, ఆపిన చోట రోజూ రెండు చుక్కల ఆయిల్ పడుతోంది. మళ్ళీ తీసుకెళితే బోల్టు చుట్టూ రెండు ముద్దలు కలిపే సీలు పూసి పంపారు. వారం తర్వాత మళ్ళీ మొదలైంది. ఇంజను చెడిపోతుందేమో అని భయంగా ఉంది.
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: అమ్మా, చుక్కల లెక్క ముందు చూద్దాం. సుమారు ఇరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. రోజుకు రెండు చొప్పున నెలకు మూడు మిల్లీలీటర్లు, చెంచాడు కూడా కాదు. కాకపోతే ఇంజను వేడిగా ఉన్నప్పుడు నూనె పలచబడి ఇంకా ఎక్కువ కారుతుంది, అది రోడ్డు మీద పడుతుంది కాబట్టి మీకు కనిపించదు. అందుకని వారానికోసారి, పొద్దున బండి తీయకముందు, పుల్ల తీసి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉన్నంతకాలం భయం లేదు. నడుపుతుండగా నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం పక్కకు ఆపేయండి. ఇంటిదాకా పోదామనుకోకండి.

సీలు పూయడం దండగ పని. నూనె తడి ఉన్న లోహానికి అది అంటదు. అంటినా ఇంజను వేడెక్కి చల్లారిన కొద్దీ అంచు లేస్తుంది. కొందరు మరకు తెల్ల టేపు చుడతారు. దాని పోగులు తెగి లోపలికి పోతే నూనె పీల్చే జల్లెడకు అడ్డం పడతాయి.

బోల్టు చుట్టూ పొడిగుడ్డతో తుడిపించి, కింద పాత పేపరు పరిచి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి తడి బోల్టు తల అంచున మొదలైతే తప్పు అక్కడే. పైనుంచి జారి వచ్చి బోల్టు దగ్గర చుక్క కడుతుంటే ఆయిల్ ఫిల్టరో, ఇంజను అడుగున నూనె నిలిచే చాంబర్ అతుకో చూడాలి. నూనె ఎప్పుడూ అన్నిటికంటే కింద ఉన్న చోటికి చేరి వేలాడుతుంది, పాపం ప్రతిసారీ నింద బోల్టు మీద పడుతుంది. తప్పు బోల్టుదే అయితే మొదట కొత్త వాషర్ వేయించండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. మర పోయి ఉంటే, మీ కారు చాంబర్ ఉక్కు రేకుది కాబట్టి విప్పి కొత్తది వేసుకోవచ్చు. మాస్టారి బండిలా ఇంజను కేసంతా విప్పే బాధ మీకు లేదు.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్ చెదలు పట్టకుండా గుమ్మాలకు, కంచె గుంజలకు పూస్తుంటాం. మా కోడలు వద్దంటోంది. ఎవరిది న్యాయం?
– ఒక రైతు, జంగారెడ్డిగూడెం

జవాబు: కోడలిదే. మా నాన్న కూడా పూసేవారు, నేనూ డబ్బా పట్టుకుని వెనకాల తిరిగినవాణ్ణే. కానీ ఇంజనులో మండి నల్లబడిన నూనె కొత్త నూనె లాంటిది కాదు. మంటలో పుట్టిన విషాలు అందులో దిగి ఉంటాయి, ఏళ్ళ తరబడి చర్మానికి తగిలితే క్యాన్సర్ తెచ్చే రకాలు కూడా వాటిలో ఉన్నాయి. గుమ్మం పట్టుకుని నిలబడేది మీ మనవలే కదా. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనెను కూడా చేర్చారు. కాలవలో, బావి దగ్గర పోయకండి. పాత నూనె డబ్బాలోనే నింపి మూత బిగించి, పెద్ద షెడ్డులో ఇస్తే పీపాల్లో పోగుచేసి శుద్ధి చేసేవాళ్ళకు పంపుతారు. చేతికి అంటినదాన్ని పెట్రోలుతో కడగకండి, అది చర్మంలోని జిడ్డును కూడా లాగేస్తుంది. గుప్పెడు రంపపు పొట్టు పట్టుకుని పొడిగా రుద్దుకుని, తర్వాత సబ్బు వేసుకోండి. మా షెడ్డులో నలభై ఏళ్ళుగా కుళాయి పక్కన పొట్టు డబ్బా ఉంటోంది.